ముప్పావలా బాకీ

గోడ మీంచి దించితే
వెనక అట్టలో బల్లిగుడ్ల పెంకులు రెండు,
తుప్పు పట్టిన మేకు,
పెన్సిలుతో ఎవరిదో గొలుసుకట్టు రాత:
"ముప్పావలా బాకీ."
ముందువైపు మా ముత్తాత ముత్యాలయ్య.

ఎనభై ఆరు వరద ఫోటోలోకీ వచ్చింది.
గాజుకీ కాగితానికీ మధ్య బురదచార
సరిగ్గా ఆయన మోకాళ్ళ దగ్గర ఆగింది.
అప్పట్నించీ
మోకాలిలోతు నీళ్ళలో కుర్చీ వేసుకుని
నవ్వకుండా కూర్చునే ఉన్నాడు.

చిన్నప్పుడు నేను నమ్మింది ఆ నల్లకోటుని.
ఎడమచేతి గడియారాన్ని,
వెనకాల మెట్లని, మెట్ల పైన మేడని.
బళ్ళో చెప్పాను కూడా,
మాకూ ఒకప్పుడు మేడ ఉండేదని,
వశిష్ఠ కోసుకుపోయిందని.
లేనిదాన్ని గోదారి మీదకి తోసేయడం
మా వైపు తేలిక.

మొన్న దొడ్డిపట్లలో చావింటికి వెళ్ళాను.
దండ వేసిన ఫోటోలో ఎవరో పెద్దాయన,
అదే కోటు.
అదే మేడ.
గడియారంలో కూడా అదే నాలుగూ ఇరవై.
పరామర్శ మరిచిపోయి
గోడకేసి చూస్తూ నిలబడిపోయాను.

బుల్లెమ్మ మామ్మకి శుక్లాలు తీసి నెల.
ఫోటోని ముక్కు దాకా తెచ్చుకుని
ముందు బాగా నవ్వింది.
"కోటు స్టూడియోదిరా.
వాచీ స్టూడియోదే, తిరగదు.
మేడంటావా, గుడ్డ మీద రంగు.
చెప్పులూ ఆళ్ళయ్యే, ఒకటి పెద్దది ఒకటి చిన్నది."
(చెప్పులు బురద కింద ఉన్నాయి.
సాక్ష్యానికి రావు.)

"మా నాన్న పడవకి తాడు లాగే మనిషి.
ధవిళేశ్వరం లాకుల కాణ్ణించి నర్సాపురం దాకా
ఆయన గట్టు మీద, బియ్యం నీళ్ళ మీద.
కుడి భుజాన తాడు తిన్నచోట
ఇంత కాయ.
చొక్కా నిలిచేది కాదు.
ఆ ఒక్క పూటకీ అది కనపడకూడదని
కోటు తొడిగించింది అమ్మే."

ఫోనులో తీసి వేళ్ళతో సాగదీశాను.
కుడి భుజం దగ్గర నల్లగుడ్డ
కొంచెం లేచే ఉంది.
ఎంత దాచినా.

పక్కన నిలబడ్డ పల్లాలమ్మ.
మెడలో గొలుసు కుంచెతో గీసింది;
చెవి కింద సిరా కాస్త పక్కకి జారింది.
ఇంక ఈవిడదంటూ ఏముందా అని
చేతుల దాకా వచ్చాను.
చూపుడు వేలికి దారం చుట్టి ఉంది.

లేసు దారం.
గజానికింతని షావుకారు తూచి ఇచ్చి
తూచి పట్టుకుపోయే దారం.
ఏ దేశపు బల్లల మీదో పరుచుకున్న పువ్వులు,
ఆవిడ రవిక అంచుకి ఒక్కటైనా లేవు.
ఫోటో తీసే క్షణానికి కూడా
వేలు పని మానలేదో,
మానడం మరిచిపోయిందో.

ఆ వేలి నించి సన్నటి తెల్లగీత
జారి, కుర్చీ కోడు దాటి,
ఫోటో అంచు దాకా వెళ్ళి తెగిపోయింది.
ఇన్నేళ్ళూ గాజు గీరుకుందనుకున్నాం.

"నువ్వెక్కడున్నావు మామ్మా ఇందులో?"
"నేను కదిలిపోతానని బయట కూచోబెట్టారు.
గుమ్మం దగ్గర, అదిగో, అటు."
గీత వెళ్ళినవైపే చూపించింది.
"దారపుండ నా ఒళ్ళో పెట్టి
దొర్లిపోకుండా చూడవే అంది అమ్మ."
చెబుతూ చెబుతూ గుప్పిట మూసింది,
ఎనభై రెండేళ్ళ గుప్పిట.

పాలకొల్లులో ఆ స్టూడియో లేదు.
అక్కడిప్పుడు సెల్లు రిపేరు షాపు.
బాకీ ఎవరికివ్వాలో అడిగితే
నవ్వుతారని అడగలేదు.

పక్క వీధిలో కంప్యూటరు కుర్రాడు
బురద కడిగేశాడు, మెట్లు తెల్లబరిచాడు.
ముత్తాత కాళ్ళకి నిజంగానే
ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.
బాణం గుర్తు తెల్లగీత మీదికి వచ్చింది.
"ఇదీ తీసేయనా అండీ? నీటుగా ఉంటాది."

వద్దన్నాను.
ఎందుకని అడిగాడు.
అవతలి కొస పట్టుకుని
ఒక పిల్ల ఇంకా గుమ్మం బయటే ఉందని
అతనికెలా చెప్పను?

వెనకవైపు కూడా ప్రింటు కొట్టమన్నాను,
బాకీతో సహా.