జేబు

చీటీల కంపెనీ పాతికేళ్ల పండగని
మా గ్రీమ్స్‌పేట బ్రాంచిలో డ్రా తీస్తే
నా నంబరు పలికింది.
ముప్పై ఒక్క ఏళ్లు చిత్తూరు బ్యాంకులో
ఊరి డబ్బు లెక్కపెట్టినవాణ్ణి,
ఊరికే వచ్చింది ఏదీ ఎరగనివాణ్ణి.
రెండు రాత్రులు, ఇద్దరికి, సముద్రం ఒడ్డున.
కూపన్ను మూడుసార్లు చదివింది అంబుజం.
"మే, పోదామా?"
"పోతే ఏమి, చిల్లిగవ్వ అడగరు కదా!"

అంతకు ముందు వారమే
కొండమీద పరకామణి సేవ చేసి దిగినాను.
జేబుల్లేని బనీను, జేబుల్లేని పంచె.
పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒళ్లంతా తడిమి చూస్తారు,
తప్పనిపించదు.
కాళ్లు మడిచి కూచుంటే ముందర గుట్ట:
పసుపంటిన రూపాయి,
ఎవరి కొంగుముడిలోనో ఏళ్లు నలిగిన ఐదు,
పిల్లోడి మొలతాడు బిళ్ల,
ఏ దేశానిదో, చేప బొమ్మ నాణెం,
మడత విప్పకూడని ఒక ఉత్తరం.
మూడో పొద్దుకు వేళ్లకు చూపొచ్చింది.
ఇంటికొచ్చినాక చిక్కుడు గింజల్ని కూడా
ఇరవై ఇరవైగా పేర్చేవి.

నాయుడుపేట దాటి, వాకాడు దాటి,
సరుగుడు తోటల నడుమ కారు ఆగింది.
పళ్లెంలో చుట్టిపెట్టిన తడిగుడ్డను
మిఠాయి అనుకొని ముట్టలేదు అంబుజం.
చక్కెర ఉండాది కదా ఆమెకు.
గదిలో పరుపు ఎంత మెత్తనంటే
నడుము నొప్పికి యాడ ఉండాలో తెలియలేదు.

శనివారం రాత్రి, కింద హాల్లో కాసినో అన్నారు.
"శనివారం నాకు ఒక్కపొద్దు" అని ఆమె పడుకుండిపోయింది.
"నిజం డబ్బు కాదు సార్, ఉత్త సరదాకే" అన్నాడు
కోటు వేసుకున్న పిల్లోడు,
పదివేల బిళ్లలు దోసిట్లో పోస్తా.
ఎరుపు, పచ్చ, నలుపు.
ఏ ముడుపు వాసనా లేదు వాటికి,
ఏ చెయ్యీ వాటికోసం వణకలేదు.
అయినా నా వేళ్లు
అడగకుండానే రంగులు విడదీసి పేర్చినాయి.
చక్రం తిప్పే పిల్ల చూసి నవ్వింది.
రొమ్ముమీద రేకులో రీటా అని ఉంది.
"ఏ ఊరమ్మా?" అంటే
"పక్క పాళెమే తాతా, పోలమ్మ నా పేరు.
రీటా అంటే నోటికి బాగుంటాదంట."

పదిహేడు మీద పెట్టినా.
గోలీ తిరిగి తిరిగి పద్దెనిమిదిలో పడింది.
మళ్లీ పదిహేడు.
ఒకసారి గెలిచినా కూడా,
ఆ గెలుపే ముంచింది.
సర్వీసులో ఒక్క నాడు
రెండు వందలు తక్కువైతే సొంతం కట్టి
వారం రోజులు అన్నం సయించలేదు నాకు.
లేని పదివేలు పోతే
ఎందుకు గొంతెండిందో.

రెండు గంటలకూ నిద్ర రాక దిగొచ్చినా.
కుర్చీలు బల్లలమీద బోర్లించి ఉండాయి.
పోలమ్మ చెప్పులు విప్పి నేలమీద కూచొని
బిళ్లలు లెక్కపెడతా ఉంది,
అచ్చం మా గుట్టల ముందర మాదిరి.
మూడోసారి లెక్కంట.
"ఒక నల్లది తగ్గింది తాతా.
బిళ్లకు యాభై పట్టుకుంటారు."
వంగి బల్ల కింద వెతికినాను నేను కూడా.
వంగినప్పుడు
గుండెమీద ఏదో గట్టిగా ఒత్తుకుంది.

నేనే వేసుకున్నానా,
వేళ్లు వేసుకున్నాయా,
ఈ పొద్దుటికీ చెప్పలేను.
జేబులో నుంచి తీసి ఆమె అరచేతిలో పెడితే
ఆ పిల్ల నా ముఖం చూడలేదు,
అది ఆ పిల్ల మంచితనం.
"సరిపోయింది" అని పెట్టె మూసింది.

తెల్లారి ఇసకలో
ఉత్త బనీనుతో నిలబడి ఉంటే
అల పాదాలమీదికొచ్చి, చూసి, పోతా ఉంది.
వెనక నుంచి అంబుజం కేక:
"చొక్కా ఏది? చలిగాలి.
ఇంతకీ రాత్రి ఏమన్నా తగిలిందా?"