578వ గీత

ఛత్తా బజార్‌లో పెళ్లికార్డులు మడిచే యూసుఫుద్దీన్ సాబ్
నా గీత చూసి కళ్లజోడు తీశాడు.
"సీదా గీత తే బేటీ, మడిచిస్తా.
వంకర మీద కాగితం మడవదు, ముడతలు పడతది."
ముప్పై ఏళ్లుగా ఆయన మిషన్ కింద
ఎన్ని పెళ్లిళ్లు సరిగ్గా సగానికి వంగాయో.

సంచిలోంచి ఇంకు అయిపోయిన బాల్‌పెన్ తీశాను.
ఆ కౌంటర్ మీదే, బంగారు పొడి రాలిన చోట,
మందపాటి ఐవరీ షీటు మీద నొక్కుతూ నడిచాను.
రంగు లేదు, గాడి మాత్రమే.
ఆ తర్వాత బొటనవేళ్లూ చూపుడువేళ్లూ,
కజ్జికాయ అంచు నొక్కినట్టు
కొంచెం, ఇంకొంచెం.

ఇటు నేను వంచితే
అటు తనంతట తానే వంగింది కాగితం,
ఒకే దుప్పట్లో ఒకరు ఒత్తిగిలితే
నిద్రలోనే రెండోవారు సర్దుకున్నట్టు.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, "చాయ్?" అన్నాడు.
ఆ గీత ఎక్కడిదని అడగలేదు.

ఖాజాగూడ వెనకాల, సర్వే నంబరు చెప్పను,
ఒక రాయి ఉండేది.
ఇంకో రాయి అంచున, ఇదిగో పడతానన్నట్టు కూర్చుని
ఎన్నడూ పడకుండా.
సర్వేయర్ దాన్ని ఐదు గీతల్లో చుట్టి పంపాడు.
స్క్రీన్ మీద ఎవరిదో వేలిముద్రలా ఉండేది.
578 మీటర్ల ఎత్తున తిరిగే గీత
ఒకచోట భుజంలా మళ్లి
ఒకచోట ఎందుకో తడబడేది.

ఐదింటినీ సెలెక్ట్ చేసి
డిలీట్ నొక్కాను.
మూడు బేస్‌మెంట్లు రావాలి మరి.
డ్రాయింగ్ మూల నా సంతకం, కింద నా రిజిస్ట్రేషన్ నంబరు.

పదకొండో రోజు సైటు నుంచి మొగులయ్య ఫోను:
"రాయి ఒడిసింది మేడమ్. ఇగ అంతా సాఫ్."
వెనకాల కంప్రెసర్ ఆగిపోయి
మొదటిసారి అక్కడి కాకులు వినబడ్డాయి.

ఇప్పుడు మలక్‌పేటలో, రాత్రిపూట,
పప్పుగిన్నె పక్కకి జరిపి ఆ గీతే మడుస్తుంటాను.
జూలైలో కాగితం నీరసిస్తుంది,
రాత్రి నిలబెట్టింది పొద్దునకి వాలిపోతుంది.
చెడిన షీట్ల వెనక మావాడు ఎక్కాలు రాస్తున్నాడు,
పదమూడో ఎక్కం దాకా వచ్చాడు.

కాగితం రాయి కాలేదు. అది ఆలస్యంగా తెలిసింది.
రాయి అన్ని వైపులా ఒకేసారి ఉబ్బుతుంది.
కాగితం సాగదు.
ఒకవైపు వంగితే ఇంకోవైపు తిన్నగా ఉండి తీరాలి.
ఎంత సుడి తిరిగిన చోటైనా స్కేలు ఆనించి చూడండి,
ఏదో ఒక దిక్కున
సన్నని వెలుతురు కూడా దూరకుండా అతుక్కుంటుంది.
నేను చేసింది రాయి కాదు.
రాయి లేచి వెళ్లిన చోట
ఇంకా దిగని దుమ్ము, అంతే.

బిల్డర్ నర్సిరెడ్డి గారు ఫోన్లో ఫొటో చూశారు.
"లాబీలో పెడదాం మేడమ్, స్టీల్లో చేయించి.
ఎన్ని చదరపు అడుగులు తింటది?"
స్టీలు వద్దు, కాగితమే అన్నాను.
"ఎన్నాళ్లుంటది?"
"రాయంత కాదులెండి."
ఆయన నవ్వారు. ఎందుకో నాకు తెలీదు.

పెళ్లిళ్ల సీజన్ దాటాక యూసుఫుద్దీన్ సాబ్ రమ్మన్నాడు.
మిషన్ ఒడిలో ప్లైవుడ్ చెక్క,
చెక్కలో దిగ్గొట్టిన ఉక్కు పత్తీ,
కొట్టి కొట్టి వంచింది.
భుజం దగ్గర మళ్లింది. తడబడిన చోట
అలాగే తడబడింది.
హ్యాండిల్ లాగాడు. బయటికొచ్చిన షీటుని వేళ్లతో తట్టగానే
బల్ల మీద లేచి నిలబడింది.

"ఏ జగా నక్షా ఇది?"
ఈసారి అడిగాడు. చెప్పాను,
సంతకం సంగతి కూడా.
ఆయన చేతులు తుడుచుకున్నాడు,
గుడ్డ మడిచి మిషన్ మీద పెట్టాడు.
"మిగిలిన నాలుగు గీతలూ తే" అన్నాడు.