కొంచెం జరుగమ్మా

పొద్దుగాల ఆరున్నరకు
బల్లార్షా కిల్లా నది దర్వాజ కాడ
వెలుగు పదకొండు నిమిషాలు నిలబడ్తది.
తర్వాత అది కూడ డ్యూటీకి పోతది.

ఈ లెక్క నాకు రాజలింగం సారు చెప్పిండు,
బస్టాండు పక్క స్టూడియోల
నేను డార్క్‌రూము నీళ్లు మార్చే పిల్లగాన్నైనప్పుడు.
ఏటా ఫాల్గుణంల ఒక్కరోజు
పెండ్లి ఆల్బములు పక్కకు నూకి
సైకిలు హ్యాండిలుకు కెమెరా,
కెమెరా మీద తడి తువ్వాల,
వెనుక నేను, నా ఒళ్లె మూడుకాళ్ల స్టాండు.
వర్ధా ఒడ్డుకు దిగేటోళ్లం.

గోడ పగులుల మొలిచిన మోదుగు అది.
ఎవ్వరు పెట్టలే. ఎవ్వరు కొట్టలే.
ఒక్క ఆకు లేకుంట ఒళ్లంత పూసి
నల్లరాతి బురుజు మీదికి ఒరిగి ఉంటది
తాగొచ్చిన అల్లుడు
మామ భుజం మీద ఒరిగినట్టు.

సారు కాడ ఉన్నది నలుపు తెలుపు రీలు.
రాత్రి ట్రేల, కాయితం మీద
కిల్లా మెల్లగ తేలేది,
నది తేలేది,
పువ్వులు మాత్రం
కొమ్మకొమ్మకు కాకులు వాలినట్టు తేలేటియి.
"ఎరుపేది సార్?" అంటె
"ఉన్నది పో, లోపలున్నది" అనేటోడు.
తెల్లారి మోదుగు పూలు ఉడకబెట్టిన నీళ్లల్ల
దూది చుట్టిన అగ్గిపుల్ల ముంచి
ఒక్కొక్క కాకిని పువ్వు చేసేటోడు.
పొద్దుమూకేదాక.

ఇప్పటి నా కెమెరాకు
కోట్ల రంగులు తెలుసట.
మోదుగును చూపెడితె తడబడ్తది.
ఎరుపు పొంగి, రెక్కల మీది గీతలు కరిగి
ఒక్క మంటముద్ద.
తగ్గిస్తె రాయి చీకటి.
రాయిని లేపితె పువ్వు బూడిద.
ఇద్దర్ని ఒక్క ఫ్రేముల ఒప్పించుడు
ఏ పెద్దమనిషికీ చేతగాని పంచాది.

గాలి కాయితం మిల్లు దిక్కుకెల్లి కొట్టింది.
మోదుగుకు సొంత వాసన లేదు.
మా ఊర్ల వసంతం
ఉడికిన వెదురు వాసనొస్తది.

ఏడో నిమిషంల ఒకామె ఫ్రేములకొచ్చింది.
నీలిచీర. చంకల ఎరువుల సంచి.
రాలిన పూలు ఏరుతున్నది,
హోలీ రంగుకు.

"కొంచెం జరుగమ్మా, ఫోటో తీస్తున్న."
నలభై ఏండ్ల సంది నోటికంటిన మాట.
పెండ్లిపిల్లల అక్కలకు చెప్పిన,
ఆధార్ కార్డు ముసలోళ్లకు చెప్పిన,
బొగ్గుబాయిల పోయినాయిన
ఆఖరి ఫోటో తీస్తప్పుడు
పక్కన కూసున్న పెండ్లానికి కూడ చెప్పిన.

ఆమె నడుము పట్టుకొని లేసింది.
కిల్లాను చూసింది, నన్ను చూసింది.
"నేనే జరగాల్నా?
దానికి చెప్పు, జరుగుతదేమో."
నవ్వలే. మళ్ల వంగింది.

ఎనిమిది. తొమ్మిది.
పదిల నొక్కిన.

"చూపియ్యి" అన్నది.
తెర మీద వేలు పెట్టి, కిల్లాను దాటి,
పువ్వును దాటి, తన వీపును కూడ దాటి,
"సంచి మంచిగొచ్చింది" అన్నది.
జైవంతాబాయట. విసాపూర్ నుంచి నడిచొచ్చిందట.

ఇంటికొచ్చి సారు డబ్బా తీసిన.
పంతొమ్మిది ఫాల్గుణాలు.
అన్నిట్ల చెట్టు మొదట్ల ఒక గరుకు:
నేనే, సగం బ్లేడుతోని,
నెగెటివు మచ్చ అనుకొని
నున్నగ గీకిన జాగ.
నిదానం లెన్సు ముంగట కదిలిన మనిషి
ఎట్ల పడ్తదో అప్పుడు నాకు తెల్వదు.
సారుకు తెలుసు. ఏమనలే.

ఒక్కదాంట్ల మాత్రం నా బ్లేడు తప్పింది.
వంగిన మసక అట్లనే ఉన్నది.
దానిక్కూడ రంగు పెట్టిండు సారు,
అగ్గిపుల్లతోని, చిన్నగ.
పువ్వనుకున్నడో,
పువ్వు కాదని తెలిసే పెట్టిండో.

స్టూడియో ఉన్న కాడ ఇప్పుడు రీచార్జి దుకాణం.
రేపు హోలీ.
చెప్పు కింద అంటిన పువ్వు
ఇంక ఊడుత లేదు.