మూడు, రెండు

రాసుకోండ్రి.
ఐతారం రాత్రి మూడు రెండుకు మనమే.
చాక్‌పీసుతోని కాంట గది తలుపు మీద రాసి పెట్టిన,
వానకు పోకుండ లోపలి దిక్కు.

మిర్యాలగూడ బైపాసు మీది ఈ ధర్మకాంటల
పద్దెనిమిదేండ్ల సంది లారీలు తూస్తున్న.
ఎనక టైరు ఎంత కుంగిందో చూసి
ఎర్ర అంకెలు ఎలగకముందే చెప్త:
ఇరవై తొమ్మిది టన్నుల ఆరు క్వింటాళ్లు.
ఒక్క బస్తా అటో ఇటో.
గా కండ్లతోనే చెప్తున్న, హాకీ ముచ్చట.

"హాకీ ఎవడు చూస్తడే?" అంటడు ముత్తిలింగం,
భుజం మీది తవుడు దులుపుకుంట.
నేను చూస్త.
లైనంతా క్రికెట్ పెట్టుకోని ఒర్లే రాత్రి
ఫోను ఒక బస్తాకు ఆనిచ్చి
చార్జింగు అయిపోయేదాంక
ఒక్కణ్ణే చూస్త.

పంజాబోళ్లు ఉరుకుతరు, కాదనను.
మొదటి పదిహేను నిమిషాలు మనోళ్లను
గంప కింద కోళ్లను మూసినట్టు మూస్తరు.
ఒక గోలు అప్పుడే పడ్తది.
పడనియ్యి.
ఉరికినోడికి దూప అయితది,
మూడో పావుల కాళ్లు బరువెక్కుతయి,
అప్పుడు మన నడిమి పిలగాడు
బాలు అడగకుండ తీసుకుంటడు.

మనోళ్లంటే ఎవరే, అని మళ్ల ముత్తిలింగమే.
నడిమి పిలగాడు జార్ఖండోడు,
గోలీ హాలెండోడు,
మన జిల్లోడు బెంచి మీద సుత లేడు.
నిజమే.
మరి ఈ మిల్లుల మూటలు మోసేది బిహారోళ్లు,
పొయ్యికి ఊక ఎగేసేది ఒరియావోళ్లు,
బియ్యం ఎక్కడియంటే మాత్రం
మిర్యాలగూడయి అంటం గద.

ఇంకో సంగతి, ఎవ్వనికి చెప్పకుండ్రి:
పెనాల్టీ కార్నర్ అనంగనే వాళ్ల గోలీ
ముందుగాల కుడి మోకాలు ఒంచుతడు.
నాలుగు మ్యాచుల సంది పట్టి చూసిన.
ఒక దిక్కు ఎక్కువ లోడైన బండి లెక్క ఒరుగుతడు.
రెండు గోళ్లు గా ఎడమ సందుల్నే.

లైన్ల ఏడో లారీ జగ్తార్‌ది.
మూడు దినాల సంది లోడు కోసం పడిగాపులు.
తలుపు మీది అంకెలు చూసి నవ్విండు,
నాలుగు ఏళ్లు అటు, ఒక్క ఏలు ఇటు చూపిండు.
గా ఒక్క ఏలు వంకర.
ఎట్లయిందంటే, కట్టె తలిగింది అన్నడు,
హాకీ కట్టె, ఇస్కూల్ల.
నేను పెదిమె లేపి చూపిచ్చిన,
ముందర పన్ను జాగల సందు.
నల్లగొండల జోనల్ ఆటలు, తొమ్మిదో తరగతి,
డ్రిల్లు సారు తుమ్మకొమ్మ చెక్కిచ్చిన కట్టెలు,
లెఫ్టవుట్ నేను.
ఇద్దరం ఇంకేం మాట్లాడలే కొద్దిసేపు.
ఓడినోడు లైనంతటికి చాయ్ పొయ్యాలె,
పదకొండు బండ్లు, క్లీనర్లతోని.

ఒప్పుకున్న గని
రాత్రి పండుకున్నంక యాదికొచ్చింది.
కాంట మీదికి బండి ఎక్కిందంటే
డ్రైవరు దిగాలె, క్లీనరు దిగాలె,
దిగినంకనే తూకం.
పద్దెనిమిదేండ్ల సంది అందర్ని దింపుతున్న,
అందుకే నా అంచనా తప్పది.
ఈ బండిల నేనే కూసున్న.
తొమ్మిదో తరగతి పోరడు, నెత్తురు ఉమ్ముకుంట,
క్యాబిన్ల కెల్లి దిగనంటడు.
వాని బరువు ఎంతని తీసెయ్యాలె?
ఒక గోలా? రెండా?

పొద్దుగాల తలుపు కాడికి పోయిన, తుడుపుదామనే.
మూడు రెండు కింద ఎవరో
నాలుగు ఒకటి అని గీసిండ్రు, వంకరగ.

జగ్తార్ బండికి లోడు దొరికింది.
ఐతారందాంక ఆగడు, శనివారమే పోతడు.
నిండు బండి కాంట ఎక్కిచ్చి దిగిండు,
చెప్పు, అన్నడు.
ముప్పై ఒకటి, రెండు క్వింటాళ్లు తక్కువ, అన్న.
అంకెలు ఎలిగినయి.
నాలుగు క్వింటాళ్లు తప్పిన.

ఆయన ఏమనలే.
ఖాళీ తూకం చిట్టీ ఎనక ఫోన్ నంబరు రాసిచ్చి
ఇంజను సాలు చేసిండు.
నేను తలుపు మీది అంకెలు
మళ్లొక్కసారి దిద్దిన, ఒత్తి.
మూడు, రెండు.