నాలుగో పేరు

కిసుములో కరెంటు పోయి గంటైంది.
లాప్‌టాప్‌లో పదకొండు శాతం ప్రాణం.
అధియాంబో చివరి తప్పు వెతుకుతోంది.
న్యాబోకె దోమల్నీ నన్నూ
ఒకే నోటితో తిడుతోంది.

సరస్సు మీది పడవలకు
గాలివాన కబురు ముందే చెప్పే యాప్ మాది.
ఏడాది పని. మూడు కొట్లాటలు.
ఒక సెమిస్టరంతా మాటల్లేవు.

అర్ధరాత్రి దాటాక, వెకేసా కోడ్‌లో
తప్పు కాదు, ఒక రాత దొరికింది:
“సిగ్నల్ అందని పడవకి ఎలా చెప్పాలి? రేపు చూస్తా.”
ఆ రేపటికి ముందే, ఫీజు కట్టలేక,
బైక్ టాక్సీ తోలుకోడానికి వెళ్ళిపోయాడు.

చెరపలేదు.
జవాబూ మాకు తట్టలేదు.

పొద్దున అట్ట మీద పేర్లు లెక్కపెట్టి
“నాలుగో మనిషేడీ?” అన్నారు మాస్టారు.

“గేటు దగ్గర, బండి మీద.
మమ్మల్ని తెచ్చింది అతనే సార్.”