నాలుగు గడియారాలు

రిసెప్షన్ గోడ మీద నాలుగు గడియారాలు:
న్యూయార్క్, లండన్, సింగపూర్, హైదరాబాద్.
పొద్దుగాల స్టూలెక్కి తుడుస్తది అండాలు.
పేర్లు చదువరాదు. ముల్లు తెలుసు.

"దేశాల నడుమ ఎడం తగ్గుతున్నదట,
మనోళ్ల జీతాలు ఆళ్లను అందుకుంటున్నయట"
పేపర్ మడుస్తూ అన్నడు వాచ్‌మెన్ జహంగీర్.
మనోళ్లంటే ఎవలని అడగలే.
గుడ్డ పిండుకున్నది.

పద్నాలుగో అంతస్తుల ఒక్క కాఫీ
ఆమెకు సగం దినం నిలువుకాళ్ల కొలువు.
సగం తాగి ఇడిసిన కప్పులు
ట్రాలీ నిండా సల్లారి కిందికి దిగుతయి.

నానక్‌రాంగూడల ఈ రెండో సెల్లార్ కింద యాడనో
వాళ్ల అత్తగారి జొన్నచెల్క.
ఎకరాల లెక్కన కొన్నరు,
అడుగుల లెక్కన అమ్ముతున్నరు.

నిరుడు పనంతా మనీలాకు పోతదన్న ముచ్చట పుట్టింది.
పది దినాలు పైనోళ్లకు నిద్ర లేదు.
ఆ పది దినాలు లిఫ్టుల
అందరూ ఆమెను పేరు పెట్టి పిలిచిండ్రు,
అన్నం తిన్నవా అండాలమ్మా అని అడిగిండ్రు.
పని పోలే.
పిలుపు పోయింది.

మొన్న హైదరాబాద్ గడియారం ఆగిపోయింది.
మూడు దినాలు ఎవలూ చూడలే,
అందరి కండ్లు న్యూయార్క్ మీదనే.
తనే ఇరవై రూపాయల సెల్లు కొనుక్కొచ్చి
జహంగీర్‌నడిగి ముల్లు తిప్పింది.

పైసలడిగితే
బిల్లేదన్నరు.