నొక్కితే ఏటవుద్ది

నెల్లిమర్ల మిల్లు గేటుకు ఎదురుగా నా కొట్టు.
రెండు కంప్యూటర్లు, ఒక జెరాక్సు మిషను,
వాన పడితే గోనెపట్టా కప్పుకునే ప్రింటరు.
మిల్లు మూసినప్పుడల్లా నాకు గిరాకీ పెరుగుతుంది.
చెప్పుకోకూడదు గానీ, నిజం.

పీఎఫ్ కాగితాలకి మెయిలు కావాలంటారు.
తెరిచి ఇస్తాను. ముప్పై రూపాయలు.
సెట్టింగులు రాగానే నా వేలు దానంతటదే పరిగెడుతుంది:
ఇది ఆన్, ఇది ఆఫ్, ఇది ఉండనీ, తర్వాత, తర్వాత, సరే.
పక్కన కూర్చున్నవాళ్లు ఆ వేలినే చూస్తారు,
ఆగని బస్సులోంచి ఊళ్ల బోర్డులు చూసినట్టు.

మజ్జి సన్యాసమ్మకీ అలాగే తెరిచి ఇచ్చాను.
స్పిన్నింగు ఖాతాలో ఇరవై తొమ్మిదేళ్లు.
కుడి చూపుడువేలి కొస నూలు కోసీ కోసీ నున్నబడింది,
ఫోను ఆ వేలిని గుర్తుపట్టదు.
ఎడమ చేత్తో నొక్కుతుంది.

శ్రావణమాసం ముసురులో వచ్చింది.
"ఉత్తరం రానేదు బావూ."
చూశాను. వచ్చింది. వచ్చి పదకొండు రోజులైంది.
పాసుబుక్కు నకలు పది రోజుల్లో పంపమని.
పేరు ఒకటే కాబట్టి
పాత ఉత్తరం కడుపులో దూరి పడుకుంది కొత్తది.
పాతదే కదా అని ఆమె తెరవలేదు.

"సంభాషణ వీక్షణ" అని ఒక మీట.
నేనే ఆన్ చేసి ఒగ్గేసిన మీట.

తిట్టలేదు.
ఆ రెండు మాటలూ నా చేత మళ్లీ చదివించుకుంది.
"సంబాసన అంటే?"
"వీచ్చన అంటే?"
పదో తరగతిలో తెలుగులో నాకు ఎనభై ఆరు మార్కులు.
నోరు పెగల్లేదు.

"మా ఫ్రేముకి ఎర్ర మీటుంటాది. నొక్కితే ఆగిపోద్ది.
కొత్తగా సేరిన గుంటకి నూలు కన్నా ముందు అదే సూపిస్తాం.
నీ మీటలకి పేర్లున్నాయి గానీ బావూ,
నొక్కితే ఏటవుద్దో ఎక్కడా నేదు."

ఆ రాత్రి షట్టరు సగం దించి
పాత క్యాలెండరు కాగితాల వెనక రాయడం మొదలెట్టాను.

స్పామ్: తాలు. చెరిగి పక్కన పోసినవి.
వారానికోసారి కెలికి చూడండి, గింజలు కూడా పోతుంటాయి.

ఆర్కైవ్: పారేయడం కాదు. అటక ఎక్కించడం.

అందరికీ జవాబు: మీరు ఒకరికే చెప్పాలనుకున్నా
ఇది నొక్కితే వీధంతా వింటుంది.

సమకాలీకరణ దగ్గర మూడు కాగితాలు చింపాను.
నాలుగోది ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

మర్నాడు చదివి వినిపిస్తే
తాలు దగ్గర నవ్వింది.
అటక దగ్గర ఆపింది.
"మాది రేకులిల్లు. అటకెక్కడిది?
ట్రంకుపెట్టిలో ఎట్టడం, అని రాయి."
కొట్టేసి రాశాను.
నా గీత కన్నా ఆమె మాట పొట్టిగా ఉంది, గట్టిగానూ ఉంది.

ఆలస్యానికి మన్నించమని ఉత్తరం కట్టాం.
ఒప్పుకుంటారో లేదో తెలియదు.
నా తప్పు అని అందులో ఒక వాక్యం పెట్టబోతే
"నీ పేరు వాళ్లకెందుకు" అంది.

పంపే ముందు ఫోను దగ్గరగా తీసుకుని
కళ్లు చికిలించి అడుగు దాకా చూసింది.
"ఇదెవులు రాసినారు నా పేరు కింద?"

నా ఫోను నుండి పంపబడింది.

ఎవరూ రాయలేదు. దానంతటదే వస్తుంది.
దానికీ ఒక మీట ఉంది, ఎక్కడో లోపల,
మూడు తలుపులు దాటాక.
నా వేలు అలవాటుగా ముందుకెళ్లింది.
మణికట్టు పట్టుకుని ఆపింది.

"నువ్వొద్దు. నొక్కితే ఏటవుద్దో సెప్పు సాలు."

ఆ మాట పోతుంది. మీ పేరొక్కటే ఉంటుంది.

ఎడమ వేలు తెర మీద కాసేపు నిలబడింది.
బయట మిల్లు గేటు తాళం మీద వాన.
నాకు తొందరేమీ లేదు.